అబ్బాయి ఐస్ హాకీ కోసం ఇంటి మీద అప్పు చేయవచ్చా?

ప్రశ్న: పన్నెండేళ్లుగా కెనడాలోని మిసిసాగాలో ఉంటున్నాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. టొరంటో ప్రాంతపు కుర్రాళ్ల హాకీ లీగు జీటీహెచ్‌ఎల్‌లో, అన్నిటికన్నా పై స్థాయి అయిన ట్రిపుల్ ఏ జట్టుకు డిఫెన్స్‌లో ఆడుతున్నాడు. ఇప్పుడు హాకీకి ఏటా 22,000 డాలర్లు ఖర్చవుతోంది. వేసవి శిక్షణ, అమెరికా టోర్నమెంట్లు కలిపితే వచ్చే రెండేళ్లూ 30,000 చొప్పున కావాలని కోచ్ అంటున్నారు. పన్నులు పోను మా ఇద్దరి జీతం ఏటా 1,15,000 డాలర్లు. పిల్లల చదువు కోసం ప్రభుత్వ సాయంతో నడిచే పొదుపు ఖాతా ఆర్‌ఈఎస్‌పీలో డబ్బు వేయడం రెండేళ్ల కిందటే ఆపేశాం. ఆరో తరగతి చదివే అమ్మాయి కూడా ఉంది. ఇంటి మీద క్రెడిట్ లైన్ నుంచి 60,000 డాలర్లు తీసుకోవాలా, లేక భోగాపురం దగ్గర మాకున్న 200 గజాల స్థలం అమ్మాలా? అబ్బాయి ప్రొఫెషనల్ హాకీలో అతి పెద్ద లీగు అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళితే ఒక్క ఏడాది జీతంతో అప్పంతా తీరిపోతుందని అందరూ అంటున్నారు.

జవాబు: క్రెడిట్ లైన్ వద్దు. స్థలం అమ్మడం, అమ్మకపోవడం మీ ఇష్టం కానీ హాకీ కోసమైతే అదీ వద్దు. మీ అబ్బాయి ప్రతిభ మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. ఆ వయసులో ట్రిపుల్ ఏ జట్టులో చోటు దక్కించుకోవడం చిన్న విషయం కాదు. ఈ వృత్తిలో ఆదాయం వచ్చే తీరు అప్పు వాయిదాలకు సరిపడేది కాదు, అంతే.

ముందుగా ఖాళీల సంగతి చూడండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ఒక్కో జట్టు జాబితాలో 23 మంది చొప్పున మొత్తం 736 స్థానాలు. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు ఏటా జరుగుతుంది, అందులో ఏడు రౌండ్లలో 224 మందిని ఎంచుకుంటారు. వారిలో కెనడా పిల్లలతో పాటు అమెరికా, స్వీడన్, ఫిన్లండ్, రష్యా, చెక్ పిల్లలూ ఉంటారు. డ్రాఫ్టయిన ప్రతివాడికీ స్థానం దొరికేటట్లయితే మూడేళ్లు దాటగానే లీగు మొత్తం కొత్త ముఖాలతో నిండిపోవాలి. అలా జరగడం లేదంటే, పేరు పిలిపించుకుని వేదిక మీద జెర్సీ తొడుక్కున్న వాళ్లలోనూ చాలామంది అక్కడ నిలదొక్కుకోలేదనే అర్థం. మన ఇళ్లలో ఐఐటీ కోచింగుకు అప్పు చేసిన తండ్రికి సీటు రాకపోయినా కొడుకు చేతిలో ఏదో ఒక ఇంజనీరింగ్ పట్టా మిగులుతుంది. ఇక్కడ ఆ రెండో మెట్టును మనమే విడిగా కట్టుకోవాలి.

ఇక “ఒక్క ఏడాది జీతం” మాట. 2025–26 సీజనుకు ఎన్‌హెచ్‌ఎల్ కనీస వేతనం 7,75,000 అమెరికన్ డాలర్లు. కొత్త ఒప్పందం ప్రకారం అది 2026–27లో 8,50,000 అయి, 2029–30 నాటికి పది లక్షలకు చేరుతుంది. అంకె పెద్దదే. అయితే పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్య వయసులో తొలి కాంట్రాక్టుపై సంతకం చేసే కుర్రవాడికి అది మూడేళ్ల ఒప్పందం, జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది, పైగా రెండు వేర్వేరు జీతాలు రాసి ఉంటాయి: ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నప్పుడు ఒకటి, కింది స్థాయి ఏహెచ్‌ఎల్‌కు పంపినప్పుడు మరొకటి. ఆ రెండోది ఏడాదికి 80,000 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. సీజను సుమారు 190 రోజులు కాబట్టి, పై జట్టులో ఉన్న రోజుకు నాలుగు వేల డాలర్లు, కిందికి పంపిన రోజుకు నాలుగు వందల చిల్లర అన్నమాట. తొలి మూడేళ్లలో చాలామంది కుర్రాళ్లు ఎక్కువ రోజులు గడిపేది కిందనే. పైన ఎవరికైనా గాయమైతే ఫోన్ వస్తుంది, అతను కోలుకోగానే మళ్లీ వెనక్కి.

పైనే ఉన్నాడనుకుందాం. జీతాలు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే నెలకు రెండుసార్లు పడతాయి. వేసవిలో రూపాయి రాదు. యజమానులు, ఆటగాళ్లు లీగు ఆదాయాన్ని సగం సగం పంచుకోవాలన్న నిబంధన కింద జీతంలో కొంత భాగాన్ని ఎస్క్రోలో, అంటే లెక్క తేలేదాకా విడి ఖాతాలో, ఆపుతారు, ఇటీవలి సీజన్లలో అది ఆరు శాతం దాకా ఉంది. ఏజెంటుకు మూడు నుంచి ఐదు శాతం. అంటారియోలో ఉంటే ఆ స్థాయి ఆదాయంలో పై భాగానికి పన్ను 53 శాతం దాటుతుంది. అన్నీ పోను 7,75,000లో చేతికందేది సగానికి తక్కువే, నా లెక్కలో 3,50,000కు అటూ ఇటూ. అది నిజంగానే మంచి ఆదాయం. కానీ తన ఇష్టం వచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ ఆటగాడికి మామూలుగా ఇరవై ఏడో ఏట గాని, లేదా ఏడు సీజన్లు ఆడాక గాని రాదు. పెద్ద కాంట్రాక్టులు ఎక్కువగా ఆ తరువాతివే. అంతవరకు మోకాళ్లు, తల క్షేమంగా ఉండాలి. ఈ ఆటలో అందరికంటే గొప్పవాడని చాలామంది భావించే బాబీ ఆర్ మోకాళ్లు పాడై 1978లో ముప్పై ఏళ్లకే ఆట మానేశాడు.

అంతకన్నా కింద ఉండే హాకీ జీవితం గురించి మీకెవరూ చెప్పి ఉండరు. ఏహెచ్‌ఎల్ కింద ఈసీహెచ్‌ఎల్ ఉంది, అక్కడ జీతం వారానికి వందల్లోనే, వసతి జట్టు ఇస్తుంది. జర్మనీ, స్వీడన్, బ్రిటన్ లీగుల్లో ఆడుతూ గౌరవంగా బతికేవాళ్లూ ఉన్నారు. ఇవి తప్పుడు దారులు కావు, ఆట మీద ప్రేమ ఉన్నవాడికి మంచి దశాబ్దమే గడుస్తుంది. అయితే 60,000 డాలర్ల తల్లిదండ్రుల అప్పును తీర్చగల ఆదాయం మాత్రం కాదు.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది: ఈ ఖర్చు ఎంతోకాలం మీ నెత్తిన ఉండకపోవచ్చు. ఈ ఏడాది అతను అండర్-16 అయితే అంటారియో జూనియర్ హాకీ లీగు ఓహెచ్‌ఎల్ డ్రాఫ్టు వసంతంలోనే. ఎంపికై జట్టులో చేరితే సామగ్రి, ప్రయాణాలు, ఒక స్థానిక కుటుంబం ఇంట్లో వసతి అన్నీ జట్టువే. 350 డాలర్లు పోసి కొన్న స్టిక్ రెండో పీరియడ్‌లో విరిగితే బాధపడాల్సింది ఇక మీరు కాదు. పైగా ఆడిన ప్రతి సీజనుకు ఒక ఏడాది చదువు చొప్పున స్కాలర్‌షిప్ ఇస్తారు. ఇంకో పెద్ద మార్పు కూడా వచ్చింది. ఇదివరకు ఓహెచ్‌ఎల్‌లో ఆడిన కుర్రవాడికి అమెరికా కాలేజీ హాకీ తలుపులు మూసుకుపోయేవి. 2024 నవంబరులో అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆ నిషేధాన్ని ఎత్తేసింది, 2025 ఆగస్టు నుంచి అది అమలులోకి వచ్చింది. కాబట్టి పదహారేళ్లకే చదువా, ఆటా అని తేల్చుకోనక్కరలేదు. ఈ సడలింపు విలువ డబ్బు రూపంలో వేసుకుంటే మీ క్రెడిట్ లైన్ కన్నా పెద్దది.

ఆర్‌ఈఎస్‌పీ ఆపేయడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది. ఏటా 2,500 డాలర్లు వేస్తే ప్రభుత్వం ఇరవై శాతం, అంటే 500 డాలర్లు కలుపుతుంది. వదిలేసిన సంవత్సరాల గ్రాంటును ఏడాదికి ఒకటి చొప్పున వెనక్కి తెచ్చుకోవచ్చు. కాబట్టి ఈ ఏడాది, వచ్చే ఏడాది 5,000 చొప్పున, పదిహేడు నిండే ఏడాది 2,500 వేయండి. మొత్తం 2,500 డాలర్ల గ్రాంటు వస్తుంది. ఆ ఏడాది దాటితే ఇక రాదు. అతను వెంటనే కాలేజీకి వెళ్లకపోయినా ఖాతాను 35వ ఏడాది చివరి వరకు ఉంచవచ్చు, అవసరమైతే చెల్లెలి చదువుకు మళ్లించవచ్చు. చెల్లెలి పేరున కూడా ఏటా 2,500 వేయండి. ఆమె వాటా అన్న స్కేట్ల కింద ఖర్చు కాకూడదు.

ఇప్పటి 22,000 లోంచి ఈ 7,500 తీసేస్తే హాకీకి 14,500 మిగులుతుంది. అదే మీ హద్దు. కోతలు ఎక్కడ పెట్టాలంటారా? అమెరికా టోర్నమెంట్లు మానేయండి. ఆటగాళ్లను వెతికే ఓహెచ్‌ఎల్ స్కౌట్లు జీటీహెచ్‌ఎల్ మ్యాచ్‌లకూ, టొరంటోలో జరిగే ఓహెచ్‌ఎల్ కప్పుకూ తామే వస్తారు, వాళ్ల కంట పడటానికి బఫెలోలో హోటల్ గది అక్కరలేదు. ఏడాది పొడవునా పెట్టుకున్న ప్రైవేటు కోచ్‌ను వేసవి రెండు నెలలకు పరిమితం చేయండి. జట్టు ఫీజు, కాలికి సరిగ్గా కుదిరే స్కేట్లు, హెల్మెట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు.

క్రెడిట్ లైన్ వడ్డీ బ్యాంకుల మూల వడ్డీ అయిన ప్రైమ్ రేటుతో పాటు మారుతుంది. పెట్టుబడికి తీసుకున్న అప్పు వడ్డీకి దొరికే పన్ను మినహాయింపు కుటుంబ ఖర్చుకు వాడితే దొరకదు, తీర్చలేకపోతే పోయేది ఇల్లు. భోగాపురం స్థలం విషయానికొస్తే, ఎన్నారై అమ్మితే దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం పన్ను, ఆపై సెస్సు, ఆదాయం పెద్దదైతే సర్‌చార్జి కూడా పడతాయి. తక్కువ కోతకు ముందుగా ధ్రువపత్రం తెచ్చుకోకపోతే కొనేవాళ్లు మొత్తం అమ్మకం ధర మీద టీడీఎస్ పట్టుకునే ప్రమాదం ఉంది. ఇక్కడికి రాకముందే కొన్న స్థలమైతే, కెనడాలో లాభాన్ని మీరు ఇక్కడ నివాసులైన రోజు నాటి మార్కెట్ విలువ నుంచి లెక్కిస్తారు, భారత్‌లో కట్టిన పన్నుకు తగ్గింపు ఉంటుంది. ఆ నాటి విలువకు ఆధారం ఇప్పుడే సంపాదించి పెట్టుకోండి. ఎప్పుడైనా అమ్మితే అది ఇంటి అప్పు తగ్గించడానికి కావాలి.

చివరగా ఆ “తీరిపోతుంది” అన్న మాటలో నాకు నచ్చనిది వేరే ఉంది: తీర్చేది కొడుకన్న ఊహ అందులో దాగి ఉంది. 2011లో మూడు కోట్ల డాలర్లకు పైబడిన ఏడేళ్ల ఒప్పందం చేసుకున్న ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు జాక్ జాన్సన్ 2014 అక్టోబరులో దివాలా పిటిషన్ వేశాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు. డబ్బు వ్యవహారాలు తల్లిదండ్రుల చేతిలో పెట్టాడని, వాళ్లు అతని పేరున భారీగా అప్పులు తెచ్చారని పత్రికలు రాశాయి. మీరు అలాంటివారని కాదు. కానీ పదిహేనేళ్లవాడికి “నీ కోసం ఇల్లు తాకట్టు పెట్టాం” అని తెలిసిన రోజు నుంచి ఐస్ మీదికి దిగే ప్రతి షిఫ్టూ బరువవుతుంది, పద్దెనిమిదేళ్లకు “నేను మానేస్తాను” అనే హక్కు అతనికి ఉండదు. అతని పేరున విడి ఖాతా తెరవండి, పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికీ రాయించవద్దు. వసంతంలో ఓహెచ్‌ఎల్ జట్టు కాగితాలు పంపితే, సంతకానికి ముందు స్కాలర్‌షిప్ నిబంధనలున్న పేజీని లాయరు చేత చదివించండి: చదువు ఎన్ని నెలల్లోపు మొదలుపెట్టాలో, ప్రొఫెషనల్ కాంట్రాక్టుపై సంతకం చేస్తే ఆ హక్కు ఏమవుతుందో అందులోనే ఉంటుంది.