దసరాకి ముందే డబ్బాలు దించి చూసుకో

చి.ల.సౌ. మేనకోడలికి, పర్లాకిమిడి నుంచి మేనత్త ఆశీస్సులు.

అమ్మా, బరంపురంలో ఇల్లు సర్దుకున్నాక సరుకులు ఎంత తెచ్చి ఉంచుకోవాలి, గాలివాన రోజులకి ఏం సిద్ధం చేసుకోవాలి అని అడిగావు. శ్రావణం సగం అయిపోయింది కాబట్టి ఆలస్యం చెయ్యకుండా రాస్తున్నాను.

మన వైపు పెద్ద గాలులు దసరా రోజుల్లోనే ఎక్కువగా వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. కొత్త ధాన్యం ఇంటికి వచ్చేది మార్గశిరంలో, పుష్యంలో. అంటే గాలి వచ్చేసరికి ఇంట్లో ఉన్నవి పోయిన ఏటి గింజలు. డబ్బాలు అడుగంటి ఉంటాయి, ఉన్న కాస్తా మూడు నెలల వానతేమ పీల్చుకుని పురుగుకి సిద్ధంగా ఉంటుంది. చాలామంది తుపాను కబురు వినగానే కొట్టుకి పరుగెత్తుతారు. ఆ రోజు దొరికేది మిగిలిపోయిన సరుకు, చెప్పిన ధర. భాద్రపదంలో ఒక ఎండ రోజు చూసి డబ్బాలన్నీ దించి చూసుకుంటే ఆ పరుగు ఉండదు. మళ్లీ చైత్రంలో ఒకసారి చూసుకో, ఎందుకంటే ఫణి లాంటివి మే నెలలో కూడా వస్తాయి.

మీ ఇద్దరు, పిల్లలిద్దరు, మీ అత్తగారు, మొత్తం అయిదుగురు. రోజుకి బియ్యం పావు తక్కువ రెండు కిలోలు. 25 కిలోల బస్తా ఒకటి ఉంటే రెండు వారాలు గడుస్తాయి. పప్పు 4 కిలోలు, నూనె 2 లీటర్లు, ఉప్పు కిలో. నూనె డబ్బాగా కొనకు, లీటరు పాకెట్లుగా కొను. విప్పిన నూనెకి గాలి తగిలి వాసన మారుతుంది. వీటితోపాటు పొయ్యి వెలిగించకుండా తినేవి మూడు రోజులకి వేరుగా ఉండాలి. దళసరి అటుకులు 5 కిలోలు, బెల్లం 2 కిలోలు, వేయించిన సెనగలు కిలో, పిల్లలకి పాలపొడి. ఒడియా వాళ్ల చుడా, గుడొ మన అటుకులూ బెల్లమే. సహాయ శిబిరాల్లో కూడా మొదట పంచేది అదే, నీళ్లలో నానితే చాలు కడుపు నిండుతుంది కాబట్టి. కానీ అటుకులు బియ్యంలా నిలవవు. రెండు మూడు నెలలకి మక్కు వాసన వస్తుంది. అందుకే మూతమీద కొన్న తేదీ రాసి, పాతవి టిఫిను చేసుకుని కొత్తవి పెట్టుకుంటూ ఉండు. అవసరానికి దాచినవి అవసరం వచ్చేదాకా ముట్టకూడదు అనుకుంటే, ఆ రోజు వచ్చేసరికి అవి తినడానికి పనికిరావు.

చోళ్లు, అంటే రాగులు, 5 కిలోలు తప్పకుండా పెట్టు. సన్న గింజ కాబట్టి పురుగు చేరదు, ఎండబెట్టి మూత బిగిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఉంచేది గింజగానే, పిండి పట్టించి ఉంచొద్దు. ఏ పిండైనా మరపట్టగానే లోపలి నూనె గాలికి చేదెక్కుతుంది. అంబలికి కావలసినంత వారం వారం ఆడించుకో.

ఇక బియ్యం నిలవ చెయ్యడం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ముందు తేమ చూడాలి. గింజని పంటితో కొరికితే కటుక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ఇంకా నమ్మకంగా తెలియాలంటే గుప్పెడు బియ్యం, బాణలిలో వేడిచేసి చల్లార్చిన చెంచా ఉప్పు తడిలేని గాజు సీసాలో వేసి నాలుగు నిమిషాలు ఊపు. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే ఆ బియ్యం డబ్బాలో పెట్టడానికి పనికిరాదు. బియ్యాన్ని మండుటెండలో ఆరబెట్టకు, గింజ పగిలి నూకలవుతుంది. నీడపట్టున గాలి తగిలేలా పల్చగా పరుచు. పప్పులకైతే ఎండే మందు. చాపమీద పల్చగా పోసి పైన పలచటి పాలిథీన్ కప్పితే లోపల వేడి పెరిగి గుడ్లు కూడా చస్తాయి. అలా రెండు మూడు పూటలు.

ఆరిన వెంటనే వేడి వేడిగా డబ్బాలో పొయ్యకు. రాత్రి చల్లబడగానే మూత లోపల చెమట పట్టి పైవరస బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాకే పొయ్యాలి. పాతిక కిలోల బియ్యానికి 35 లీటర్ల డ్రమ్ము సరిపోతుంది. నిండుగా పొయ్యి. సగం డబ్బా అంటే సగం గాలి ఉన్నట్టే, ఆ గాలే పురుగుకి ఊపిరి. డ్రమ్ము నేలమీద కాకుండా పీటమీద, గోడకి జానెడు దూరంగా ఉండాలి. నేల తేమ ప్లాస్టిక్కుని దాటదుగానీ, అడుగున చల్లబడిన చోట లోపలి తేమ చేరుతుంది.

బియ్యంలో ముక్కపురుగులు నాలుగు కనిపిస్తే జల్లించి సరిపెట్టకు. అది గింజకి చిన్న చిల్లు పెట్టి లోపల గుడ్డు పెడుతుంది. నెల తిరిగేసరికి లోపలివన్నీ బయటికి వస్తాయి. జల్లించి, చెరిగి, ఆ బియ్యం ముందు వండుకుని తినెయ్యాలి. గూళ్లు కట్టి బియ్యం ఉండలుగా అంటుకుంటే అది చిమ్మెట పని, ఆ బియ్యం కొత్త బస్తా దగ్గర పెట్టనే పెట్టకు. రవ్వ, మైదా లాంటివి కొద్దిగా ఉంటే ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచి తీస్తే గుడ్లు చస్తాయి. తీసిన సంచీ గది వేడికి వచ్చేదాకా విప్పకు, విప్పితే చెమ్మ పడుతుంది.

పెసలు, బొబ్బర్లు, ఉలవల్లో వచ్చే పురుగు పొలంలోనే గుడ్డు పెట్టుకుని వస్తుంది, కొట్టువాణ్ణి తిట్టి లాభం లేదు. ఎండలో కాచాక కిలోకి ఒక టీచెంచా ఆముదం వేసి గింజ గింజకీ అంటేలా చేత్తో రుద్ది పెట్టు. వండేముందు కడిగితే పోతుంది. డబ్బాలో పోశాక పైన మూడు వేళ్ల మందాన బాగా ఎండిన ఇసుక పోస్తే పైనుంచి పురుగు దిగదు, లోపలిది పైకి రాలేదు. వేపాకు నీడలో గలగలలాడేలా ఎండిందే గుడ్డలో కట్టి పెట్టు. పచ్చాకు వేస్తే దాని తేమతోనే బూజు పడుతుంది. వేపాకు పురుగుని రాకుండా చేస్తుందిగానీ, ఉన్నదాన్ని చంపదు.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. బోరిక్ పొడి కలిపిన బియ్యం పిల్లలకి పెట్టకు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఎవరిచ్చినా ఇంటి గుమ్మం లోపలికి రానివ్వకు. తేమ తగిలితే వాటినుంచి వచ్చే వాయువు మూసిన ఇంట్లో పడుకున్నవాళ్ల ప్రాణం తీస్తుంది. పచ్చగా బూజు పట్టిన వేరుసెనగలు కూడా వేయించినా విషం పోదు, పారబొయ్యి.

చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, ఎండబెట్టి జాడీలో అదిమి పెట్టు. మిరపకాయలు తొడిమలతోనే ఉంచు. ఊరగాయ ముక్కమీద వేలెడు నూనె తేలాలి, వాసెన గట్టిగా కట్టాలి, తడి గరిటె ఎవరూ పెట్టకుండా చూడాలి. గుమ్మడి వడియాలు, మామిడి ఒరుగులు కూరగాయలు దొరకని వారంలో అక్కరకొస్తాయి.

తిండి కన్నా ముందు కరువయ్యేవి నీళ్లు. కరెంటు పోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకు లేదు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 4 లీటర్లు, అంటే మీ ఇంటికి రోజుకొక 20 లీటర్ల క్యాను. ఏడు క్యాన్లు మూతలతో ఉంచుకో. మిగతా వాడకానికి బకెట్లు, గంగాళాలు నింపు. మేడమీది ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ముందు నిండుగా నింపాలి, ఖాళీదైతే ఎగిరిపోతుంది.

నీళ్లు మురికిగా ఉంటే చిల్లగింజ రాతిమీద అరగదీసి కలిపితే మడ్డి అడుగుకి దిగుతుంది. తేట అవుతాయిగానీ క్రిములు పోవు. తేర్చిన నీళ్లని తెర్లేలా కాచాలి, గ్యాసు లేకపోతే క్లోరిన్. మంచి బ్లీచింగ్ పొడి 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, తేరాక పైనీరు రంగు సీసాలో పొయ్యి. ఆ నీరు 20 లీటర్లకి ఒక టీచెంచా. అరగంట ఆగాక మూత తీస్తే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే ఇంకో అరచెంచా వేసి మళ్లీ అరగంట ఆగు. సీసామీద పేరు రాసి పిల్లలకి అందకుండా పెట్టు, వారం దాటితే కొత్తది కలుపుకో. పొడి పాకెట్టు కూడా విప్పి వదిలేస్తే పస తగ్గిపోతుంది.

పెరటి బావి ఉంటే లెక్క వేరు. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీళ్లుంటే దాదాపు 9,400 లీటర్లు. మామూలు రోజుల్లో 25 గ్రాముల పొడి చాలు. వరదనీరు దిగితే ముందు మురికి తోడించి, రెట్టింపు వెయ్యాలి. బకెట్టులో కలిపి పది నిమిషాలు సున్నం తేరనిచ్చి, పైనీరు మాత్రం బావిలోకి దింపి కలియబెట్టు. సున్నపు మడ్డి పోస్తే నీళ్లు గడ్డుబడతాయి. రాత్రి వేసి పొద్దున తోడుకో.

తుపాను కబురు వాతావరణ శాఖ దశలవారీగా ఇస్తుంది. 72 గంటల ముందు ముందస్తు గమనిక, 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక. ప్రకటనలు ఒడియాలో వస్తాయి, మీ అత్తగారికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత నీది. మొదటి రోజు గ్యాసు, మందులు, చిన్న నోట్లు. ఏటీఎంలు, ఫోను చెల్లింపులు ఆగిపోతాయి, అయిదొందల నోటుకి చిల్లర దొరకదు. రెండో రోజు నీళ్లు నింపడం, డాబామీది రేకులు, కుండీలు దింపడం. డ్రమ్ములు అటకమీదికి ఎక్కించడం కూడా ఆ రోజే. మూడో రోజు ఫోన్లు, టార్చీలు ఛార్జి పెట్టి, ఆధారు, రేషను కార్డు, పట్టా కాగితాలు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటుకుల డబ్బా పక్కన పెట్టు. ఇల్లు విడిచి షెల్టరుకి వెళ్లమంటే ఆ రెండూ పట్టుకుని వెళ్లడమే.

మీ అత్తగారి ఇన్సులిన్ పొడి సంచిలో పెట్టి తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచు. మంచుగడ్డకి ఆనిస్తే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఫ్రిజ్ మూసే ఉంచితే నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది, ఆలోపే పాలు, కూరలు తినెయ్యి. బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టకు. గాలి ఒక్కసారిగా ఆగితే అయిపోయిందనుకుని బయటికి వెళ్లకు, నడిమి కన్ను దాటాక ఎదురు దిక్కునుంచి మళ్లీ కొడుతుంది. మా వైపు వంశధార, మహేంద్రతనయ గాలి తగ్గాక కూడా పొంగుతాయి. తిత్లీ అప్పుడు గాలి కన్నా కొండల మీద కురిసిన వానే ఎక్కువ ముంచింది.

ఆ తరవాత వరదనీరు తాకిన బియ్యం, పిండి, మర తిప్పి మూత పెట్టే సీసాల్లోవి ఏవీ ఉంచుకోకు. వాననీటికి తడిసిన ధాన్యమైతే ఆ రోజే ఉడకబెట్టి ఆరబోసి ఉప్పుడు బియ్యం చేయించవచ్చు, మొలకెత్తకముందే చెయ్యాలి. పిల్లలకి విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చదునుగా ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా పట్టు. నెత్తురు పడినా, పిల్ల మగతగా ఉన్నా 108కి ఫోను చెయ్యి. కట్టెల దగ్గరికి టార్చి లేకుండా చెయ్యి పెట్టకు, వరదలో పాములు పొడి చోటుకే చేరతాయి.

చోళ్లు, చిల్లగింజలు అక్కడ మంచివి దొరక్కపోతే ఫోను చెయ్యి, గుణుపురం సంతలో తీసుకుని బస్సులో పంపిస్తాను. డ్రమ్ములు మాత్రం నువ్వే కొనుక్కో, మూతకి రబ్బరు చుట్టు ఉన్నది చూసి.

మీ అత్త