కృత్రిమ కాలితో నడిస్తే ఎందుకంత ఆయాసం

తమ్ముడూ, కొత్త కాలితో వీధి చివరి దాకా వెళ్లేసరికి ఆయాసం వస్తోందని, ఒంట్లో సత్తువ పోయిందేమోనని రాశావు. సత్తువ ఎక్కడికీ పోలేదురా. యాక్సిడెంట్‌లో మోకాలి కింద కాలు పోయినవాళ్లకి అంతే దూరం నడవడానికి మామూలు మనిషి కంటే పావు వంతు దాకా ఎక్కువ శక్తి పడుతుంది, మోకాలి పైన పోతే 60 శాతం పైనే. మామూలుగా చీలమండా, పిక్క కండరమూ కలిసి ఒంటిని ముందుకు తోస్తాయి, ఇప్పుడు ఆ పని చాలావరకు నీ తుంటి, తొడ చేస్తున్నాయి.

1976లో అమెరికాలో వాటర్స్, పెర్రీ అనే డాక్టర్ల బృందం దీన్నే కొలిచి చూసింది. కాలు పోయినవాళ్లు తమకి తోచిన వేగంతో నడిచినప్పుడు నిమిషానికి పట్టే శక్తి ఇంచుమించు అందరికీ పట్టేంతే ఉంది, కాకపోతే నడక నెమ్మదించింది. అందుకే ఫ్రెండ్స్‌తో సమానంగా నడవాలని చూడకు, మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది సాకెట్, అంటే నీ కాలు దూరే ఆ గిన్నె లాంటి తొడుగు. మొదటి ఏడాది, కోసేయగా మిగిలిన కాలి భాగం సన్నబడుతూనే ఉంటుంది, పొద్దున బిగుతుగా ఉన్నది సాయంత్రానికి వదులవుతుంది, అప్పుడు అడుగడుక్కీ కాలు లోపల పైకీ కిందికీ జారుతుంటే దాన్ని పట్టి ఉంచడానికే నీ బలమంతా పోతుంది. మిగిలిన కాలికి తొడిగే సాక్స్ ఒకటి ఎప్పుడూ బ్యాగులో అదనంగా పెట్టుకో, వదులు అనిపించగానే కూర్చుని తొడుక్కో. సాక్స్ మీద సాక్స్ వేస్తూ పోవాల్సి వస్తోందంటే సాకెట్ మార్చే టైమ్ వచ్చినట్టే. కృత్రిమ కాలు విప్పాక ఒంటి మీద ఎర్రమచ్చ పది నిమిషాలకీ పోకపోతే భరిస్తూ కూర్చోకుండా చూపించుకో. కృత్రిమ కాలు పొడవు కూడా కొలిపించు, కాస్త ఎక్కువైనా ప్రతి అడుక్కీ నడుము ఎత్తాల్సి వస్తుంది. ఏ చెప్పులతో కాలు సెట్ చేశారో అంతే మడమ ఎత్తున్నవి వేసుకో, ఎత్తు మారితే మోకాలి దగ్గర తేడా వెంటనే తెలుస్తుంది.

తర్వాత, కృత్రిమ కాలి మీద బరువు వెయ్యి. భయపడి మంచి కాలిని తొందరగా దించేస్తే అడుగులు కురచబడతాయి, అలుపు పెరుగుతుంది. ఊతకర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టకు, కీలు వంగి బిగుసుకుపోతుంది. రోజూ కాసేపు బోర్లా పడుకో.

ఖరీదైన కార్బన్ పాదం (స్ప్రింగులా వంగి తిరిగి తోసే కృత్రిమ పాదం) కోసం అప్పు చేయాలా అని అడిగావు కదా, ఇప్పుడైతే వద్దు. వేగంగా నడిచేవాళ్లకి, పరుగెత్తేవాళ్లకి అది బాగా పనికొస్తుంది కానీ నెమ్మది నడకలో పెద్ద తేడా కనిపించదు. 1968 ప్రాంతంలో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, ఎముకల డాక్టర్ సేఠీ కలిసి చేసిన జైపూర్ పాదంతో చెప్పుల్లేకుండా పొలంలోకి దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. నీ పనికి అదే నయం అంటాను.

ఈ వారమే వెళ్లి సాకెట్ చూపించుకో, ఎక్కడ ఒత్తుకుంటోందో నాకు కూడా రాయి.