60 అంగుళాల స్పిట్‌ఫైర్‌కి ఏ రిట్రాక్ట్స్ పెట్టాలి?

మీరు బాల్సా చెక్కతో 60 అంగుళాల రెక్కలున్న రిమోట్ స్పిట్‌ఫైర్ మోడల్ కడుతున్నారు, అంతా అయ్యేసరికి మూడు, మూడున్నర కిలోలు తేలేలా ఉంది, ఎగిరేదీ దిగేదీ గడ్డి మీదే, గాలితో పనిచేసే రిట్రాక్ట్స్ (ఎగిరాక లోపలికి ముడుచుకునే చక్రాల కాళ్ళు) కొనాలా ఎలక్ట్రిక్ కొనాలా అని కదా అడిగారు. ఎలక్ట్రికే కొనండి. ఒక్క ముక్కలో జవాబు అదే గానీ అసలు గొడవ అక్కడ లేదు బ్రదర్. నేను ఇప్పటికి మూడు వార్‌బర్డ్స్‌కి (పాత యుద్ధవిమానాల మోడళ్ళకి) మెకానికల్, గాలి, ఎలక్ట్రిక్ మూడు రకాలూ పెట్టి చూశా, చెడిపోయినవన్నీ లెక్కేసుకుంటే యూనిట్ తనంతట తాను చచ్చిపోయింది ఒక్కసారే. మిగతావన్నీ దాన్ని రెక్కకి బిగించిన చోటు ఊడిపోవడమో, కాలు వంగడమో, గ్రబ్ స్క్రూ (కాలిని పట్టి ఉంచే తల లేని చిన్న స్క్రూ) జారడమో. అంటే గాల్లో పాడయ్యేది తక్కువ, నేల మీద పాడయ్యేదే ఎక్కువ.

మొదట పీ-51 మస్టాంగ్‌కి మెకానికల్‌వి పెట్టా. మధ్యలో ఒకటే సర్వో (రిమోట్ చెప్పినంత తిరిగే చిన్న మోటారు), రెండు వైపులకీ పుష్‌రాడ్లు (నెట్టే కమ్మీలు). దానికి మామూలు సర్వో పనికిరాదు, 180 డిగ్రీలు తిరిగే రిట్రాక్ట్ సర్వో కావాలి, ఎందుకంటే చివర్లో సర్వో ఆర్మూ పుష్‌రాడ్డూ ఒకే గీతలోకి వస్తేనే నేల తోపుడు సర్వో మీద పడకుండా ఉంటుంది. పుష్‌రాడ్ పొడవు అర మిల్లీమీటరు తేడా వచ్చినా సర్వో అక్కడే గుయ్యిమని మూలుగుతూ బ్యాటరీ తాగేస్తుంటుంది. రెండు సాయంత్రాలు దాన్ని తిప్పుతూనే కూర్చున్నా, కుడి కాలు కుదిరితే ఎడమది కుదరదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళెవరికీ అది చెప్పను.

తర్వాత పీ-47కి గాలివి. చిన్న ట్యాంకు, వాల్వు, ట్యూబులు, పంపుతో 100 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టడం. నిజం చెప్పాలంటే కాళ్ళు ముడుచుకునేటప్పుడు ఆ నిదానం చూస్తుంటే కడుపు నిండిపోతుంది, ఎలక్ట్రిక్‌కి ఆ అందం రాదు. కానీ లీకు. నాకు టీ జాయింట్ (మూడు ట్యూబులు కలిసే చోటు) దగ్గర లీకు ఉండేది, ఇంట్లో బానే నిలబడేది, ఫీల్డ్‌కి వెళ్ళేసరికి మీటరు ముల్లు కిందకి దిగిపోయి ఉండేది, చివరికి సబ్బు నీళ్ళు రాసి చూస్తే అప్పుడు కనిపించింది బుడగ, ఆవగింజంత. ఎవరైనా గాలివే కావాలని పట్టుబడితే గాలితో పైకెళ్ళి స్ప్రింగ్‌తో కిందకి దిగే రకం తీసుకోమంటా, అందులో గాలి పోయినా కాళ్ళు కిందకే వస్తాయి. అన్నట్టు అసలు పీ-47 కాళ్ళు రెక్కలోకి పోయేటప్పుడు 9 అంగుళాలు కురచవుతాయి, మోడల్‌లో ఆ ముచ్చట తీర్చుకుందామని నేనొక నెల పాడుచేసుకున్నా, మీరు మాత్రం అలాంటి జోలికి పోకండి.

ఇక ఎలక్ట్రిక్. లోపల చిన్న మోటారు, దానికో స్క్రూ, స్క్రూ తిరిగితే కాలు పట్టుకునే ట్రనియన్ జరుగుతుంది. కరెంటు లేకపోయినా నిలిచిన చోటే ఉంటుంది, నేల ఎంత నెట్టినా స్క్రూ వెనక్కి తిరగదు. చివరిదాకా వెళ్ళిందని తెలుసుకోవడానికి చాలా యూనిట్లు కరెంటు ఎంత లాగుతోందో చూస్తాయి, అది పెరిగితే "ఆఁ వచ్చేశాం" అనుకుని ఆగిపోతాయి. తిప్పలు వచ్చేది కూడా అక్కడే. నా స్పిట్‌ఫైర్ ఒకసారి కాస్త గట్టిగానే దిగింది, నడిపి చూస్తే బానే ఉంది, ఇంకో ఫ్లైట్ వేశా. స్విచ్ వేస్తే కుడి కాలు లోపలికి పోయింది, ఎడమది సగంలో ఆగింది. కింద నుంచి చూస్తే కుంటి కొంగలా ఉంది. స్విచ్ నాలుగైదుసార్లు అటూ ఇటూ వేశా, కుడిది బుద్ధిగా వచ్చి పోతోంది, ఎడమది మాత్రం కదలదు. ఇక లాభం లేదని కుడిది లోపలికి పెట్టేసి పొడుగు గడ్డి ఉన్న వైపు దించా, వేలాడుతున్న కాలు ప్లైవుడ్ ప్లేటుతో సహా ఊడొచ్చింది.

ఇంటికొచ్చి తిరగేసి చూస్తే యూనిట్ శుభ్రంగా పనిచేస్తోంది. ముందటి దిగడంలో కాలు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి వంగింది, అంతే. టైరు వీల్ వెల్ (చక్రం దాక్కునే గుంట) వెనక అంచుకి కొట్టుకుని అక్కడే బిగుసుకుపోయింది, పెయింట్ మీద నల్లటి రబ్బరు గీత కూడా ఉంది. వెల్ టైరుకి సరిగ్గా సరిపోయేలా కోసుకుని మురిసిపోయినవాణ్ణి నేనే. మీరు చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోయండి, గట్టిగా దిగిన ప్రతిసారీ మళ్ళీ ఎగరేసే ముందు బల్ల మీద తిరగేసి ఒకసారి స్విచ్ వేసి చూడండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద రాసిన బరువు నమ్మొద్దు. నాలుగు కిలోల దాకా అని రాసి ఉంటే అది రన్‌వే మీద వెన్నలా దిగేవాడికి, గడ్డి మీద దిగే మనకి కాదు, ఒక సైజు పైది తీసుకోండి. మీ విమానం బరువుకి పిన్ (యూనిట్‌లో దూరే కాలి కడ్డీ) 5 మిల్లీమీటర్లు ఉండాలి, 4 అయితే వంచుకుంటూ సరిచేసుకుంటూ బతకాలి. ట్రనియన్ లోహందే అయ్యుండాలి. కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు, స్పిట్‌ఫైర్ రెక్క పల్చన, యూనిట్ ఎత్తు, చక్రం మందం రెండూ ప్లాన్‌లో రెక్క సెక్షన్ (అడ్డకోత బొమ్మ) మీద పెట్టి చూసుకోండి. ఇంకోటి, అందరూ కాలు 90 డిగ్రీలు మడిచేదే కొనేస్తారు, స్పిట్‌ఫైర్ కిట్లు చాలావాటికి అది ఎక్కువైపోతుంది, 85వి అమ్మేది అందుకే. ప్లాన్ మీద ప్రొట్రాక్టర్ పెట్టి తేల్చుకోండి. చక్రం స్కేల్ ప్రకారం 80 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, గడ్డికి 90 హాయిగా ఉంటుంది, వెల్‌లో పడితే అదే వేసేయండి, ఎవడూ స్కేలు పట్టుకుని రాడు.

చక్రం ఇరుసు పక్క నుంచి చూస్తే రెక్క ముందంచు దగ్గరికి రావాలి. వెనక్కి ఉంటే గడ్డిలో ముక్కు మీద పడుతుంది, ప్రాపెల్లర్లు డజన్ల లెక్కన కొనుక్కోవాలి. స్పిట్‌ఫైర్ కాళ్ళు బయటికి ముడుచుకుంటాయి కాబట్టి రెండు చక్రాల మధ్య ఎడం తక్కువ, మలుపులో రెక్క చివర నేలకి రాసుకోవడం మామూలే, అసలు విమానానికీ ఆ బాధ ఉండేది. జర్మన్ల బీఎఫ్ 109దీ అదే కథ, వాళ్ళు రెక్కలు ఊడదీసినా విమానం తన కాళ్ళ మీదే నిలబడాలని కాళ్ళని బాడీకే తగిలించారు.

బిగించే చోటు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తా. యూనిట్ కూర్చోడానికి గట్టి చెక్క బేరర్లు (దిమ్మెలు) పెట్టి, అవి ఆనే రిబ్బులకి (రెక్క పక్కటెముకలకి) 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ డబ్లర్లు (బలానికి వేసే అదనపు పొర) అంటించండి, ఎపాక్సీతోనే, నిమిషంలో పట్టే జిగురుతో వద్దు, అది అదురుకి చిట్లుతుంది. చాలామంది బోల్టు, బ్లైండ్ నట్ (చెక్క వెనక నుంచి దిగ్గొట్టే నట్) అంటారు. నేను ఉడ్ స్క్రూలే వాడతా. పెద్ద దెబ్బ తగిలితే స్క్రూ పీక్కుని వస్తుంది, ఆ రంధ్రంలో ఓ పుల్ల, కాస్త జిగురు పెట్టి మళ్ళీ బిగించుకుంటే అయిపోయె, బోల్టు అయితే రిబ్బులతో సహా లాక్కొస్తుంది. ఇది నా మాట, కాదనేవాళ్ళు ఉన్నారు.

పిన్‌కి గ్రబ్ స్క్రూ కూర్చునే చోట ఆకురాయితో ఓ చదును తీయండి, థ్రెడ్‌లాక్ చుక్క వేయండి. గుండ్రటి పిన్ మీద ఎంత బిగించినా చక్రం ఏదో ఒక రోజు పక్కకి తిరుగుతుంది, అది దిగి పరిగెత్తేటప్పుడే తిరుగుతుంది. స్ప్రింగ్ ఉన్న స్ట్రట్ (కాలు) కొంటే సిజర్ లింక్ (అది పక్కకి తిరక్కుండా పట్టే మడత లింకు) ఉన్నది కొనండి, కారణం అదే.

కరెంటు రిసీవర్‌ది ఇవ్వకండి. కాలు ఇరుక్కుంటే మోటారు ఒక్కసారిగా లాగేస్తుంది, బీఈసీ (రిసీవర్‌కి కరెంటు ఇచ్చేది) చేతులెత్తేస్తే కాళ్ళతో పాటు ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) కూడా పోతుంది. యూనిట్ ఒప్పుకుంటే రెండు సెల్స్ లైఫ్ (LiFe, ఒక రకం లిథియం) బ్యాటరీ ప్యాక్, 6.6 వోల్టులది, విడిగా పెట్టండి, ఎలాగూ ముక్కులో బరువు కావాల్సిందే కాబట్టి అక్కడ కూర్చోబెట్టేయొచ్చు.

కాళ్ళ కవర్ల సంగతి అడిగారు కదా, ముందు పది ఫ్లైట్లు అవి లేకుండా ఎగరేయండి, గడ్డి వాటిని ఎలాగూ పీకేస్తుంది. నా దానికి మూడేళ్ళయింది, కవర్లు రంగు వేసి మరీ డబ్బాలో ఉన్నాయి.