పాత హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేసి తుక్కుకి అమ్మేస్తే సరిపోతుందా?

సరిపోదు; డిస్క్ మొత్తాన్ని వేరే డేటాతో నింపాలి, లేదా లోపలి ప్లేట్లను పాడుచేయాలి. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ ఫైళ్ల జాబితానే తీసేస్తుంది. డిస్క్ మీద కొత్తది రాసేదాకా అసలు సమాచారం ప్లేట్ల అయస్కాంత పూతలో అలాగే ఉంటుంది.

పర్లాకిమిడిలో ఒక జిరాక్స్ షాపు పాత కంప్యూటర్‌ని అలా అమ్మేసిందనుకోండి. జనం ఇచ్చిన ఆధార్, పాన్ స్కాన్లు ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనే బయటికి రావచ్చు. మన కాగితాలే కాదు, నమ్మి ఇచ్చినవాళ్లవి కూడా!

ఇంట్లో అయస్కాంతం రుద్దితే చెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. దానికి అంత బలం లేదు. కింది సర్క్యూట్ బోర్డు విరగ్గొట్టినా ప్లేట్లు బాగుంటే డేటా తీయొచ్చు. డ్రిల్‌తో ప్లేట్ల గుండా నాలుగైదు చోట్ల రంధ్రాలు వేయండి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి, ల్యాప్‌టాప్ డిస్కుల్లో గాజు ప్లేట్లుంటే పెంకులు ఎగురుతాయి. ఎస్ఎస్‌డీ (ప్లేట్లకి బదులు మెమరీ చిప్పుల్లో డేటా దాచే డిస్క్) అయితే ప్రతి మెమరీ చిప్పూ ముక్కలవ్వాలి.