మేమా? మనమా?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. పక్కింటి ఆంటీతో “నిన్న మనం తిరుపతి వెళ్లొచ్చాం” అంటుంది, ఆవిడేమో “నన్నెప్పుడు తీసుకెళ్లారే!” అని నవ్వుతుంది. మేము, మనం తేడా ఎలా నేర్పాలి?

జవాబు: ఇంగ్లిష్ ‘వీ’, హిందీ ‘హమ్’ రెండింటికీ ఒకటే కాబట్టి బళ్లో అవి వినే పిల్లలకు ఈ తికమక మామూలే, టెన్షన్ పడకండి. వ్యాకరణం జోలికి పోవద్దు, బుర్రకెక్కదు. వినేవాళ్లూ కలిస్తే మనం, కలవకపోతే మేము, అంతే. ఇడ్లీలు పెట్టేటప్పుడు “రా, మనం తిందాం” అని పిలవండి, ఆలస్యంగా వచ్చిన నాన్నతో “మేం తినేశాం నాన్నా” అని పాపతోనే చెప్పించండి. అన్నట్టు, వెళ్దాం, ఆడుకుందాం లాంటివి మనంతోనే కుదురుతాయి, “మేము వెళ్దాం” అని ఎవరూ అనరు. తప్పు మాట్లాడితే దిద్దకుండా “అయితే నేనూ వచ్చానా?” అని అడగండి, తనే మార్చుకుంటుంది.