కొండెక్కడం నేర్పే పనిలోకి రావాలంటే ఏ కోర్సు?

తమ్ముడూ, తలకోనకు పిల్లల్ని ట్రెక్కింగ్‌కి తీసుకుపోతున్నా, ఇన్‌స్ట్రక్టర్‌ కావాలంటే ఏం చదవాలని అడిగినావు. ఉత్తరకాశీలోని నిమ్‌ (నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ మౌంటెనీరింగ్‌)లోనో డార్జిలింగ్‌లోని హెచ్‌ఎంఐ (హిమాలయన్‌ మౌంటెనీరింగ్‌ ఇన్‌స్టిట్యూట్‌)లోనో కొండెక్కే బేసిక్‌ కోర్సు చెయ్, దాదాపు 4 వారాలు. అందులో ‘A’ గ్రేడ్‌ వస్తేనే అడ్వాన్స్‌ కోర్సు, అక్కడా ‘A’ గ్రేడ్‌ తెచ్చుకుంటే మెథడ్‌ ఆఫ్‌ ఇన్‌స్ట్రక్షన్‌, అంటే ఇతరులకు ఎట్లా నేర్పాలో చెప్పే కోర్సు. నేర్పడానికి అసలు అర్హత అదే. అలిపిరి మెట్లు మనకుండే వరం, వారానికి రెండుమార్లు ఎక్కి కాళ్లు గట్టిచేసుకో.

ఈలోగా తాడు కట్టించేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. చంద్రగిరి దగ్గర బండ మీద ఒక పాప ఫిగర్‌ ఎయిట్‌ ముడి (తాడును నడుం పట్టీకి కట్టుకునే, 8 అంకెలా ఉండే ముడి) సగమే వేసుకుని ఎక్కబోయింది. నా చేతులు వణికినాయి. అప్పటినుంచీ ప్రతి ముడినీ వేలితో తడిమి చూస్తా: తాడు రెండు వరసలూ పక్కపక్కనే పోవాల, చివర జానెడు తోక మిగలాల.