సూర్యుడు ఆరిపోడేం సార్?

సైన్స్ క్లాసులో పిల్లలు అడిగిన అమాయకపు ప్రశ్నల్లో బాగా గుర్తుండిపోయింది ఏదని అడిగారు. గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో చాలా ఏళ్లుగా సైన్స్ చెబుతున్నాను. ఇలాంటివి వింటూనే ఉంటాను. "భూమి గిర్రున తిరుగుతోంది కదా సార్, హెలికాప్టర్‌ని గాల్లో ఒకేచోట ఆపేస్తే కాసేపటికి అమెరికా మన కిందికొచ్చేస్తుందా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది, నడుస్తున్న బస్సులో నాణెం ఎగరేస్తే మళ్లీ నీ చేతిలోనే పడుతుంది కదా అంటే వెంటనే పట్టేస్తారు.

నన్ను వదలని ప్రశ్న మాత్రం వేరు. ఎనిమిదో తరగతి, దహనం పాఠం. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించాను. మంట సన్నగిల్లి ఆరిపోయింది. మండాలంటే ఆక్సిజన్ కావాలి అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"బాగా పైకెళ్తే గాలి ఉండదని మొన్న చెప్పారు కదా సార్. మరి సూర్యుడు ఆరిపోడేం?"

క్లాసంతా గొల్లుమంది. "రాత్రికి ఆరిపోతున్నాడుగా!" అన్నాడొకడు. నేనేమో సిలబస్ టెన్షన్‌లో ఉన్నాను. "అవన్నీ పై క్లాసుల్లో చెబుతారులే, కూర్చో" అనేశాను. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. నేను చేసింది తప్పు. ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది.

ఎందుకంటే పందొమ్మిదో శతాబ్దపు మహామహులు తల పట్టుకున్నది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే. సూర్యుడు మొత్తం బొగ్గే అనుకుందాం, కాలడానికి కావలసినంత ఆక్సిజన్ కూడా ఉందనుకుందాం. ఇప్పుడిస్తున్న వేడి లెక్కన చూస్తే ఆ బొగ్గు ఐదు వేల ఏళ్లకు మించి రాదు. సూర్యుడు తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడెక్కుతున్నాడని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ లెక్క కట్టాడు. అలా చూసినా కొన్ని కోట్ల ఏళ్లే వచ్చాయి. భూమి మీది రాళ్లను చదివినవాళ్లకు ఆ కాలం ఏ మూలకూ సరిపోలేదు. హైడ్రోజన్ హీలియం అనే మరో వాయువుగా మారడమే కారణం కావచ్చని 1920లో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ అన్నాడు. అదెలా జరుగుతుందో 1939లో భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేథే వివరంగా చూపించాడు. అంటే అక్కడ మంటే లేదు, ఆక్సిజన్‌తో పనే లేదు. సూర్యుడి నడిమధ్యన కోటిన్నర డిగ్రీల వేడిలో హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే పరమాణువుల నడిమి భాగాలు, ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. ఆ కలయికలో సెకనుకు సుమారు 40 లక్షల టన్నుల ద్రవ్యం శక్తిగా మారిపోతోంది.

మర్నాడు పాఠం పక్కన పెట్టాను. నిన్న నీ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కూర్చోబెట్టాను, అది నా పొరపాటమ్మా అని అందరి ముందూ చెప్పి, ఈ కథంతా మొదలుపెట్టాను. హీలియం దాకా వచ్చేసరికి గుంటూరు సంగతి కూడా చెప్పాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. ఆ ఏడాదే సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసి చూసినప్పుడు గుర్తించిన ఒక పసుపు గీత హీలియం ఆచూకీ అని తర్వాత తేలింది. భూమి మీద ఆ వాయువు దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది.

"మన గుంటూరా సార్!" అని ముందు బెంచీ వాళ్లు ఎగిరారు. ముందురోజు నవ్వినవాళ్లే వెనక్కి తిరిగి ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె మాత్రం అప్పటికే ఇంకోటి ఆలోచిస్తోంది.

"అక్కడ మంటే లేనప్పుడు మండుటెండ అని ఎందుకంటాం సార్?"

బెల్లు కొట్టేదాకా దాని మీదే మాట్లాడుకున్నాం.